ఏటా గోరంత దగ్గర

మచిలీపట్నం,
9-11-2025, ఆదివారం.

చిరంజీవి సుమతికి,

మీ వదిన ప్రసన్నలక్ష్మి దీవించి రాయునది. ఇక్కడ నేనూ, అత్తయ్యా, మీ అన్నయ్యా వేళకింత తిని బాగానే ఉన్నాం. అక్కడ పోర్ట్ బ్లెయిర్‌లో నువ్వూ, రాజారత్నం గారూ, మా జడల బాబ్జీ చల్లగా ఉన్నారని తలుస్తాను. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్ళీ ఈ ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో ఏడుస్తావు, నేను మధ్యలో తిడతాను, అసలు చెప్పాల్సింది మిగిలిపోతుంది.

పోయిన వారం నువ్వన్న మాట నా చెవిలో ఇంకా తిరుగుతూనే ఉంది. వచ్చే నెలతో బాబ్జీకి మూడో ఏడు వెళ్ళిపోతుందనీ, పుట్టు వెంట్రుకలకు మొదటి కత్తెర మేనమామే వెయ్యాలని ఇన్నాళ్ళూ ఆగాననీ, ఈసారీ అన్నయ్య రాకపోతే ఎవరి ఒళ్ళోనో కూర్చోబెట్టి తీయించేసి ఇక పుట్టింటి మాటే ఎత్తననీ అన్నావు. అత్తయ్యకు ఆ మాట చెప్పలేదు. మగపిల్లాడికి రెండు జడలేసి రిబ్బన్లు కట్టిన ఫోటో మాత్రం చూపించాను. ఆవిడ పడీ పడీ నవ్వి, ఆ తర్వాత కొంగు కళ్ళకద్దుకున్నారు.

మీ అన్నయ్య సంగతి నీకు తెలియనిదా! సునామీ నాడు గిలకలదిండిలో ఒడ్డునే కూర్చుని వల సర్దుకుంటున్న మావయ్యగారిని అల లాక్కుపోయిన దగ్గర్నుంచి ఆయన పడవెక్కలేదు. హార్బర్లో చేపలు వ్యానుకెత్తుకుని గుడివాడ మార్కెట్టుకు తోలడమే గాని నీళ్ళలో పాదం పెట్టరు. ఆ అల అండమాన్ వైపు నేల కదిలి పుట్టిందని ఎవరో చెప్పారు. అంతే, ఆ ఒడ్డంతా ఆయనకు పగవాడైపోయింది. నువ్వేమో ఏరికోరి ఆ ఒడ్డు మనిషినే చేసుకున్నావు. నాన్నని మింగిన నేల మీద కాపురమా అని పెళ్ళికి రాలేదు, ఈ ఆరేళ్ళలో నీతో ఒక్క మాటా లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు ఆయనకు.

ఈ వారం బళ్ళో పిల్లలకు భూమి పొరల పాఠం చెప్పాలి. మొన్న శుక్రవారం పొద్దున బడికి వెళ్తూ గుడివాడ పాసింజర్లో కిటికీ పక్కన కూర్చుని దాన్నే నెమరేసుకుంటున్నాను. మంచులో వరిచేలు కంకులు వంచుకుని నిలబడ్డాయి. చూస్తూ చూస్తూ ఉంటే కునుకు పట్టింది. రైలు ఆగిపోయి, నేలే నడుస్తున్నట్టు కల వచ్చింది. పెడన, కవుతరం, గుడివాడ, అటు దివిసీమ, కాలవలూ, కాలవ గట్ల మీద కొంగలూ అన్నీ చప్పుడు లేకుండా ఈశాన్యం దిక్కుకి తేలిపోతున్నాయి. దండెం మీద ఆరేసిన చీర కూడా కదలడం లేదు. ఎవరి పనిలో వాళ్ళున్నారు, ఎవరికీ తెలియడం లేదు. మెలకువొచ్చాక నాలో నేనే నవ్వుకున్నాను. అది కల కాదు గదా, రోజూ జరిగేదే కదా అని.

ఆ సాయంత్రం వసారాలో అత్తయ్యకు అదే పాఠం చెప్పాను. మన కృష్ణమ్మ తెచ్చిపోసిన ఒండ్రు, దాని అడుగున రాయి; ఆ రాతి పెంకంతా పెద్ద పెద్ద పలకలుగా పగిలి ఉంటుందన్నాను. దాని కింద వేల కిలోమీటర్ల లోతు దాకా వేడి రాయి, అది గట్టిదే, అయినా మెల్లగా సాగుతుంది. గట్టిది సాగడమేమిటే అని ఆవిడ నా మీద కళ్ళెర్రజేశారు. డబ్బాలోంచి బందరు హల్వా ముక్క తీసి చూపించాను. చేత్తో పట్టుకుంటే గట్టిగానే ఉంటుంది, పళ్ళెంలో వదిలేస్తే నాలుగు రోజులకి ఒళ్ళు వదిలి చదునవుతుంది. ఇంకా లోపలికి పోతే కరిగిన ఇనుము, నట్టనడుమ అంత వేడిలోనూ పైబరువు నొక్కుడికి గట్టిపడిన ఇనప గుండు. లోపలి వేడికి ఆ రాయి మెల్లగా పైకి లేచి, చల్లారి, మళ్ళీ దిగుతుంటుంది. చల్లబడి బరువెక్కిన పలకల అంచులు కిందికి దిగుతూ వెనకున్న నేలను లాక్కుపోతాయి. ఇంత నిప్పు మీద కూర్చుని మనం ఇలా హల్వా తింటున్నామా అన్నారు అత్తయ్య. తింటున్నాం మరి అన్నాను.

మీ అన్నయ్య అప్పుడే వచ్చి, వాకిట్లో చేపల ట్రేలు కడుక్కుంటున్నారు. వినడం లేదనుకున్నాను. ఉన్నట్టుండి, మన పలక ఎటు పోతోందో చెప్పమన్నారు. ఈశాన్యానికి, ఏడాదికి గోరు పెరిగినంత అన్నాను. అండమాన్ దగ్గర వాళ్ళ పలక కిందికి దూరుతుందన్నాను. ఎవరిది ఎవరి కిందికి అని రెట్టించి అడిగారు. మనదే కిందికి వెళ్ళేది అన్నాను.

నా అరచేయి ఒకటి రెండో దాని కిందికి తోసి చూపించాను. రెండూ ఒరుసుకుని పట్టుకుపోతాయి. మనది తోస్తూనే ఉంటుంది. పైనున్న వాళ్ళ అంచు దాంతోపాటు వంగుతూ, వందల ఏళ్ళు ఓర్చుకుంటుంది. ఇక ఓర్చుకోలేని రోజున విదిలించుకుని పైకి లేస్తుంది. ఆ విదిలింపుకే ఆ రోజు సముద్రం లేచింది.

ఆయన చేతిలో ట్రే అలాగే ఉండిపోయింది. అంటే ఇన్నాళ్ళూ తోస్తున్నది మన నేలా, వాళ్ళది కాదా అన్నారు. నేలకు పగలేముంటాయండీ, ఎవరి దారిన అవి పోతున్నాయి అన్నాను. ఆ ట్రేనే మళ్ళీ ఒకసారి కడిగి బోర్లించారు. తర్వాత, సుమతి వెళ్ళాక ఎంత దగ్గరయ్యాం అని అడిగారు. సుమతీ, ఆరేళ్ళలో ఆయన నోట నీ పేరు నేను వినడం అదే మొదలు. జానెడు ఉంటుందేమోనండీ అన్నాను. నేలే జానెడు జరిగిందన్నమాట అని లోపలికి వెళ్ళిపోయారు.

ఇంతకుమించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. వస్తారని నేను మాట ఇవ్వలేను. నువ్వు కోపంగా ఉండటంలో తప్పు లేదు, నీ చోట నేనున్నా అలాగే ఉండేదాన్ని. కానీ పుట్టింటి మాట ఎత్తనని మాత్రం అనకు. నువ్వు లేక ఈ ఇంట్లో నాతో తీరిగ్గా పోట్లాడేవాళ్ళు లేరు, నాకు నీ మీద బెంగగా ఉంది. అత్తయ్య నీకు తన ముద్దులు రాయమన్నారు, బాబ్జీకైతే లెక్కలేనన్ని.

నీ మేలు కోరే, నీ పోరు కోరే
మీ వదిన
ప్రసన్నలక్ష్మి

తా.క.: మీ ఆయన ఈ ఉత్తరం నీ చేతికిస్తూ ఆఫీసుకి పోస్టులో వచ్చిందని చెప్పి ఉంటారు. పాపం, ఆయన్ని ఏమీ అనకు, అలా చెప్పమన్నది నేనే. దీన్ని తెచ్చింది మీ అన్నయ్య. విమానంలో వెళ్ళండి అంటే కత్తెర రానివ్వరన్నారు. పెట్టెలో వేసి లగేజీలో ఇస్తే రానిస్తారంటే వినిపించుకోలేదు. చెన్నైలో ఓడెక్కడానికి టిక్కెట్టు తీసుకున్నారు సుమతీ, మావయ్యగారు పోయాక మొదటిసారి సముద్రం మీదికి వెళ్తున్నారు. ఎదురుపడితే తనకు మాట రాదట, అందుకని ముందు నన్ను చదవనిమ్మన్నారు. వస్తారని మాట ఇవ్వలేనని రాయించింది కూడా ఆయనే, నీకు ఇష్టం లేకపోతే తలుపు తియ్యక్కర్లేదని, చప్పుడు చెయ్యకుండా తిరుగు ఓడెక్కేస్తానని. ఇప్పుడు మీ గుమ్మం ముందు మెట్ల మీద కూర్చుని ఉంటారు. ముందు గడియ తియ్యి తల్లీ, తర్వాత తిడుదువుగాని.