మూతి చూసి విన్న మాట

1974 జూన్ 2, ఆదివారం
ఇది రాయకుండా వదిలేద్దామనుకున్నాను. చెవుడు ఏమన్నా రాజుల చరిత్రా? కానీ చర్చిలో ఆడవాళ్ల వరుసలో నోళ్లు కదిలాయి, పాట రాలేదు. మగవాళ్ల బొంగురు గొంతులు మాత్రం దండిగా వినపడ్డాయి. దేవుడు నాకు మిగిల్చింది అది.

పాత సైన్సు పుస్తకంలో చదివాను. చెవిలోని పొర కదిలితే మూడు చిన్న ఎముకలు కదులుతాయి. ఆపైన నత్తగుల్లలాంటి దాంట్లో నీళ్లు ఊగుతాయి. ఆ నీళ్లలో వెంట్రుకల్లాంటివి వంగితే మెదడుకు కబురు పోతుంది. సన్నని శబ్దాలను పట్టేవే ముందు రాలతాయట. మళ్లీ మొలవవట. నా బట్టతల చూసుకుని నమ్మాను.

జూన్ 5
పటాన్‌చెరులో ఫ్యాక్టరీ పెట్టినప్పటి నుంచి నేను ఎర్రగా కాల్చిన ఇనుమును మిషను సుత్తితో సాగగొట్టే హామర్ షెడ్డులోనే. చెవులు చెడ్డాయని డాక్టరు రాస్తే గేటు డ్యూటీ ఇస్తారు. ఉన్న కాస్త చెవైనా దక్కుతుంది. రేపు టెస్టు.

జూన్ 6
డాక్టరు ఎదురుగా నిలబడి గుసగుసగా ఊళ్ల పేర్లు చెప్పాడు. జోగిపేట. హత్నూర. కొండాపూర్. అన్నీ తిరిగి చెప్పాను. "ఫిట్" అన్నాడు. బడిపిల్లాడిలా ఛాతీ విరుచుకుని బయటికొచ్చాను.

నా హామర్ మీదే పనిచేసే యాదగిరి తల కొట్టుకున్నాడు. "మూతి చూసి చెప్పినవా పెద్దాయనా? కండ్లు మూసుకోవద్దా? గేటు కాడి కుర్సీ చేతికొస్తే పారేసుకుంటివి గదా!"

అదే జరిగింది. షెడ్డులో మాట వినపడదు. అందరం మూతులు చూసే మాట్లాడుకుంటాం. కొత్తవాడికి పనికన్నా ముందు అదే నేర్పుతాం. ఫోర్‌మన్ కామరాజు మీసాల చాటున తిట్టే తిట్లు కూడా చదివేస్తాం. ఆ విద్య డాక్టరు ముందు దాచుకోవాలని తోచలేదు.

జూన్ 7
యాదగిరిని తోడు తీసుకుని మళ్లీ వెళ్లాను. కళ్లు మూసుకుంటాను, ఇప్పుడు చెప్పండి అన్నాను. కళ్లు తెరిచేసరికి డాక్టరు ఇంకో పేషెంటును పిలుస్తున్నాడు. ఏమన్నాడని యాదగిరిని అడిగాను.

"నిన్న గుసగుస విన్నోడు ఇయ్యాల చెవిటోడెట్ల అయిండు, గేటు కాడ కూసోని కునుకు తియ్యాలనా అన్నడు. నవ్విండు గూడ" అని నా ఎదురుగా నిలబడి చెప్పాడు.

జూన్ 9
నా భార్య ఎలిజబెత్ పొద్దున్నుంచీ నాతో మాట్లాడలేదు. మాట్లాడిందేమో కూడా. పొయ్యి వైపు తిరిగి ఉంది.

జూన్ 14
వెనక నుంచి కాలిన ఇనుము ట్రాలీ వచ్చింది. గంట కొడుతూనే ఉన్నారట. యాదగిరి నా చొక్కా పట్టి పక్కకు లాగాడు. రెండు గుండీలు ఊడాయి. ఒకటి దొరికింది.