పెనుకొండ ఎక్కిన నీ బండి

బావా,

నువ్వు పోయి ఏడాదైంది. నీ గురించి ఒక మంచిమాట రాద్దామని చదివిన పుస్తకాలన్నీ తలచుకున్నాను. ఏదీ నీకు పొసగలేదు.

నీ క్రూజర్ మోటారుసైకిల్ని నిన్న హిందూపురంలో విప్పించాను. హైవేలో అందరినీ దాటాలని వెనక చక్రానికి చిన్న స్ప్రాకెట్, అదే చైను తిరిగే పళ్లచక్రం, వేయించావు. దాంతో బండికి లాగే సత్తువ పోయింది. పెనుకొండ కొండ చూపించమని అక్క అడిగినప్పుడల్లా "ఇద్దరితో ఎక్కదు" అన్నావు. దాన్ని ఎక్కకుండా చేసింది నువ్వే.

"పెద్ద పిస్టన్ ఏస్తే గాల్లో పోతాది పెద్దాయనా," అన్నాడు మెకానిక్.

"గాల్లో పోయినోడు పోయినాడులేప్పా. మేము కొండెక్కల్ల. ఎనక పెద్ద స్ప్రాకెట్, గట్టి క్లచ్ ప్లేట్లు ఎయ్యి, చాలు."

ఈ పొద్దున అక్కను వెనక కూర్చోబెట్టుకుని కొండెక్కాను. ఏ మలుపులోనూ బండి మొరాయించలేదు. పైకి చేరాక అక్క నిన్ను నాలుగు తిడుతుందని ఎదురుచూశాను. ఆమె దిగి, సీటు మీద దుమ్ము కొంగుతో తుడిచింది.

"ఇంత మెల్లగా తోల్తావేమిరా? మీ బావైతే ఎప్పుడో తెచ్చిండేవాడు."

చచ్చీ నువ్వే గెలిచావు. ఆ పెద్ద స్ప్రాకెట్ మాత్రం పళ్లు అరిగేదాకా తీయను.