దెబ్బ తప్పేది మగ్గమేనా

జూన్ 11
మరమగ్గం మళ్ళీ దెబ్బ తప్పుతోంది. సాగుతూ సాగుతూ ఒకటి మింగేస్తుంది, వెంటనే మూడు నాలుగు తరుముకొస్తాయి. ఆపి చూశాను. పేక పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె బాగుంది. బెల్టు బాగుంది. గుడ్డలో సందు లేదు. మరి ఎక్కడ?

జూన్ 13
మెకానిక్కు సెల్వం మోటారు విప్పి చూశాడు. "మిషను నల్లా ఇరుక్కు అక్కా. నీ చెవికే సర్వీసు చెయ్యాల." పోయినసారీ బాగుందనే అన్నాడు. మరునాడే నాడె ఎగిరి గోడకు తగిలింది.

జూన్ 18
మా ఆయనే మోటారు వేగం పెంచి ఉంటాడు. అడిగితే నామీదికే వచ్చాడు. "నేసేది తక్కువ, నిలిపేది జాస్తి. సావుకారు మనకిచ్చే పడుగు ఇంకొకరికి ఇచ్చేస్తే ఏం తింటామే?"

జూన్ 24
కరెంటు పోయింది. వీధిలో మగ్గాలన్నీ నిలిచాయి. నాది మాత్రం దెబ్బ తప్పుతూ ఆడుతోంది... రవికె కింద.

జూన్ 25
ఎవరికీ చెప్పలేదు. చెబితే మగ్గం మీదినుంచి దించేస్తారు.

జూన్ 27
పక్కింటి వదిన గోడమీదుగా — "ఫ్యాను కింద కూర్చోని గూడా అంత చెమటేంది వదినా?" ఏదో కనిపెట్టింది. ఆమె చెల్లెలు నేత పని వెతుక్కుంటోంది.

జూలై 1
తెగిన పోగు ముడేస్తూ పక్కకు ఒరిగాను. ఈయన చూశాడు. చెప్పక తప్పలేదు.

జూలై 3
తిరువళ్ళూరు ఆసుపత్రి. ఈసీజీ బల్ల మీద పడుకోబెడితే గుండె బుద్ధిగా కొట్టుకుంది. ఇంట్లో చేసే ఆగడం ఒక్కటీ చేయలేదు. లేడీ డాక్టరు నెలనెలా బయట చేరుతున్నానా అని అడిగింది. చలికాలంలో చూశాను, మళ్ళీ లేదన్నాను. "అది నిలిచేటప్పుడు ఇట్లా కొట్టుకుంటుందమ్మా. అయినా చూసేద్దాం." రక్తం తీశారు. ఒక రోజంతా ఒంటిమీద ఉంచుకోమని చిన్న మిషను కట్టారు. రోజూ చేసే పనే చేయమంది.
బయట చేరడానికీ గుండెకీ ఏం సంబంధం? తెలియనప్పుడు అలా అంటారేమో.

జూలై 4
మిషను కట్టుకునే నేశాను. పొద్దంతా ఆ తప్పుడు దెబ్బ రాలేదు. రాకపోతే నన్నెవరు నమ్ముతారు? సాయంత్రం వచ్చింది. రానీ అనుకోవడం ఇదే మొదలు.

జూలై 9
రిపోర్టుకు ఈయన ఒక్కడే పోయాడు. పడుగు చివరికొచ్చింది, నేను కదలలేకపోయాను. వచ్చేసరికి చీకటి.
"ఏమన్న్యారు?"
"ఏం లేదంట. వయసంట."
"కాగితాలు యాడ?"
"డాక్టరమ్మ దగ్గరే."
చొక్కా మార్చుకుని బిందెలన్నీ నింపాడు. పెళ్ళయినప్పటి నుంచి బిందె ముట్టిన మనిషి కాదు. వదిన చూసింది. "ఏందన్నా, వదినకు నెల తప్పిందా?" మామూలుగా ఎదురు మాట అనే మనిషి, ఇంకో బిందె ఎత్తుకున్నాడు.

జూలై 10
లేచేసరికి మగ్గం ఆడుతోంది. ఈయన నేస్తున్నాడు. "నువ్వు కూర్చో" అన్నాడు.
ఏం లేకపోతే ఎందుకు కూర్చోవాలి?
చీర మార్చుకున్నాను. యాడికే అన్నాడు. డాక్టరు దగ్గరికి అన్నాను.
మగ్గం ఆపేశాడు.