నలభై ఒకటో రోజున లేచి కూర్చున్నాను

కొలోన్, బుధవారం

చెల్లీ గెర్లిండే, దేవుని దయవల్ల కులాసా. పడుకుని రాస్తున్నాను కనుక అక్షరాలు వంకర.

బరువు తెలియని అంతరిక్షంలో ఒంటికి ఏమవుతుందో చూడడానికి మమ్మల్ని తలవైపు పల్లంగా ఉన్న మంచాలమీద అరవై రోజులకని పడుకోబెట్టారు కదా. లేస్తే ఇంటికి పంపేస్తారు, అంతవరకూ పడ్డ శ్రమ వృథా. మొన్న ఆదివారం ఫాదర్ గారు చర్చినుంచి సత్ప్రసాదపు అప్పం తెచ్చారు. చూడగానే మోకరించే అలవాటుకొద్దీ లేచి కూర్చున్నాను.

"అయ్యయ్యో, పడుకోండమ్మా!" అని నర్సు సిల్కె నన్ను వెనక్కి వాల్చింది. "ఎవరూ చూడలేదు. నేను రికార్డులో రాయన్లెండి."

"రాసెయ్యమ్మా. సత్ప్రసాదం ఎదుట అబద్ధమా?" అన్నాను.

రాసింది. డాక్టరు గారు చూసి, "పది సెకన్లే కదా, ఉండండి. ఇకమీదట ఫాదర్ గారిని మీకు కనబడకుండా తలవైపునుంచి రమ్మంటాను," అన్నారు.

ఉన్ని మేజోళ్లు పంపు, పాదాలు చల్లబడుతున్నాయి. బంగాళాదుంపలు నాటారా? మోకరించలేక మంచంలో ఉండి సత్ప్రసాదం తీసుకోవడం అపచారమని అమ్మ మానేసిందని రాశావు. చివరికి నేనూ పడుకునే తీసుకున్నానని చెప్పు. ఈ ఆదివారం మన ఊరి ఫాదర్ గారిని ఇంటికి పిలిపించు.

పిల్లలకు దీవెనలు.

అక్క రోస్విటా