ముందే ఆలోచించిన పిల్ల

బాంబూఫ్లాట్, పోర్ట్‌బ్లెయిర్ దగ్గర

ప్రియమైన అక్కకు,

నీ చెల్లి కరుణ వందనాలు. నువ్వు, బావగారు, అమ్మ, జ్యోతి అందరూ ప్రభువు దయలో క్షేమమని తలుస్తాను. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? మేమిక్కడ బాగానే ఉన్నాం, బెంగపడకు. వానలు పట్టుకున్నాయి, ఉతికిన బట్ట ఆరడం లేదు. ఫెర్రీ ఆగిపోయిన రోజు కూరగాయలు ఉండవు, చేపలూ పప్పే గతి. నీ మరిది ఓడ డ్యూటీకి వెళ్ళిపోతే ఇల్లు బోసిపోతుంది. ఈ మధ్య మరీను.

నీ కూతురు జ్యోతిని మా ఇంట్లో ఉంచి ఇక్కడి కాలేజీలో చేర్చమంటావా అని అడిగావు. జవాబు ఆలస్యమైందని కోపం తెచ్చుకోకు. మనసు బాగోలేక రాయలేదు.

మా ఇంట్లో ఉండి చదువుకుంటున్న సునీత గురించి నీకు రాశాను కదా, రంగత్ ఊరి మేష్టారి అమ్మాయి. మా చర్చి సంఘంలోనే పాటలు పాడే ప్రభాకర్‌తో స్నేహం కలిసింది. ఇద్దరూ ఒకే క్లాసు. నెల తప్పింది. నాకు చెప్పలేక ఎవరో ఇచ్చిన మందు మింగింది. రక్తం ఆగక ఆసుపత్రిలో పడింది. ప్రాణం దక్కింది అక్కా, కానీ ఇక పిల్లలు పుట్టడం కష్టమని డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది. నేను అక్కడే గోడకి ఆనుకుని ఏడ్చాను.

తెలియని పిల్లలా అంటే, కాదు. కాలేజీకి ఎవరో వచ్చి ఎయిడ్స్ గురించి, జాగ్రత్తల గురించి బొమ్మలు పెట్టి మరీ చెప్పారట. మరి ఎందుకిలా చేశారే అని మంచం పక్కన కూర్చుని అడిగాను.

“ప్రభాకర్‌ని అవే కొనమని షాపుకి పంపాను ఆంటీ. వెళ్ళినప్పుడల్లా అంకుల్ ‘ఆవో బేటా, నాన్నకి దగ్గు తగ్గిందా?’ అని అడిగీవోరు. ఆడికి నోరు పెగల్లేదు. దగ్గు బిళ్ళలు కొనుక్కొచ్చీసేవోడు.”

ఆ మందుల షాపాయన మా సంఘ పెద్దే. పోనీ అవతల పోర్ట్‌బ్లెయిర్‌లో కొనకపోయారా అంటే, “ఫెర్రీ నిండా మనోళ్ళే కదా ఆంటీ” అంది. నిజమే. ఇక్కడ తుమ్మితే అవతలి ఒడ్డున చిరంజీవ అంటారు.

“తర్వాత ఆడే అన్నాడు. ‘ఛోడ్ దో, వద్దులే. కొని దాచుకుంటే పాపం చేద్దామని ముందే అనుకున్నట్టు అవుద్ది. అనుకోకుండా అయిపోతే దేవుడు క్షమిస్తాడు’ అని. నాకూ సహీ అనిపించింది ఆంటీ.”

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ లెక్క వాళ్ళు కనిపెట్టింది కాదు, మేమందరం కలిసి నేర్పిందే. కాలు జారినవాడికి క్షమాపణ ఉంటుంది, గొడుగు పట్టుకుని బయలుదేరినవాడికి ఉండదు.

సంగతి సంఘానికి తెలిసింది. పెద్దలు ఇద్దరినీ పిలిచారు. ప్రభాకర్ మోకాళ్ళూని, “అనుకోకుండా పడిపోయానండీ” అని ఏడ్చాడు. ప్రార్థన చేసి, కొన్ని వారాలు వెనక బెంచీలో కూర్చోమన్నారు. ఆ వారాలు గడవగానే ప్రభువు బల్ల దగ్గర మళ్ళీ రొట్టె, ద్రాక్షరసం ఇచ్చేశారు. పాటల్లో ముందు వరసకి వచ్చేశాడు కూడా.

ఆ పిలిచిన రోజే, అతని తర్వాత సునీత వంతు వచ్చింది. షాపాయన చెడ్డవాడు కాదు, మెల్లగానే అన్నాడు: “అనుకోకుండా జరిగిపోయిందని నువ్వూ చెప్పీ తల్లీ, చాలు.”

ఆ పిల్ల తల వంచలేదు. “నేను ముందే ఆలోచించానండీ. జాగ్రత్త పడదామని మీ షాపుకి పంపింది నేనే” అంది.

ఆమెను ప్రభువు బల్ల నుంచి తీసేశారు. ఎన్నాళ్ళని చెప్పలేదు. ఇద్దరిలో జాగ్రత్త పడాలనుకున్న మనిషికే పెద్ద శిక్ష పడింది. నేను లేచి అరిచాను, ఆడవాళ్ళు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

వాళ్ళ నాన్న వచ్చి రంగత్ బస్సెక్కించాడు. కూతురి పక్కన సీటు ఖాళీగా ఉన్నా తను పోయి డ్రైవరు వెనక కూర్చున్నాడు. చదువు మాన్పించేశారు. పోయిన ఆదివారం రొట్టె నా ముందుకి వచ్చింది. నేను తీసుకోలేదు అక్కా. నీ మరిదికి ఈ మాట ఇంకా చెప్పలేదు.

జ్యోతిని పంపు. నా కూతురిలా చూసుకుంటాను. ఓడలో ఎవరైనా వస్తుంటే కాస్త ఆవకాయ, ఒక తెలుగు కీర్తనల పుస్తకం పంపు. ఇక్కడి పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ కూడబలుక్కుని చదువుతారు.

బావగారికి, అమ్మకు, మన పాస్టరుగారికి నా వందనాలు చెప్పు. మా ఇంటి కోసం ప్రార్థించు. వాళ్ళెవరికీ ఈ ఉత్తరం చూపించకు. జ్యోతిని మాత్రం దగ్గర కూర్చోబెట్టుకుని, సిగ్గేసినా ఆపకుండా, నీ నోటితో చదివి వినిపించు. ఆ తర్వాతే ఓడ టిక్కెట్టు తీయి.

నీ దీవెన కోరుకునే చెల్లెలు,
కరుణ