వాళ్లు, వాల్లు

ఆదివారం సాయంత్రం

బావకి,

నమస్కారం. ఇక్కడ అందరం కులాసా అని మొదలుపెడితే అబద్ధం. మీరంతా కులాసా అని తలుస్తున్నాను అంటే ఇన్నేళ్లూ నిన్ను తలుచుకున్నట్టు అవుతుంది, అది ఇంకా పెద్ద అబద్ధం. కోపం తీరలేదు కాబట్టి నిన్ను ‘మీరు’ అని రాద్దామనుకున్నాను. చెయ్యి తిరగలేదు.

నీ కూతురు నా దగ్గరుంది. కంగారుపడకు, ఒంట్లో బాగానే ఉంది. మొన్న పొద్దున్నే సంచీతో వచ్చి, గుమ్మంలో నిలబడి, లోపలికి రావచ్చా మామయ్యా అని అడిగింది. సొంత మేనమామ ఇంటికొచ్చి అడగాల్సిన మాటేనా అది? రెండేళ్లుగా ఇదే నగరంలో ఉండి ఒక్కసారీ రాలేదేమే అంటే, నాన్న వద్దన్నాడు అంది. సంచీ కింద పెడుతూ, నాక్కూడా నువ్వంటే భయమే అంది.

ఎందుకు భయమో నీకు తెలుసు. చిన్నప్పుడు బళ్లో వేదికమీద కథ చెబుతూ అది ‘కల్లు మూసుకుని’ అంటే, ముందు వరసలోంచి నేను, ‘కల్లు తాగేదే, మూసుకునేవి కళ్లు!’ అని అరిచాను. హాలంతా గొల్లుమంది. పిల్ల మధ్యలోనే దిగిపోయింది. నువ్వు నా చొక్కా పట్టుకున్నావు. బతుకంతా పత్రికాఫీసులో అచ్చుతప్పులు దిద్దినవాణ్ణి, తప్పుని తప్పనకుండా ఎలా ఊరుకుంటాను అన్నాను.

సరే, నువ్వు చేసింది మాత్రం ఏం బాగుంది? సినిమాల్లో హీరోయిన్లకి గొంతు ఇస్తానని అది బయల్దేరితే, వెళ్తే మళ్లీ గడప తొక్కకు అన్నావట. తొక్కలేదు. మరో ముగ్గురితో ఒకే గదిలో, మంచం తప్ప తనదనే చోటు లేకుండా బతికింది. అందరి పనివేళలూ వేరు. ఒకరి మొహం ఒకరు చూసుకునేది బాత్రూం తలుపు దగ్గరేనట. జ్వరం వచ్చినా ఎవరికీ తెలియలేదట. స్టూడియోల్లో దానికి దొరికినవి గుంపులో కేకలు, ఎవరి శవం మీదో ఏడుపులు. నా ఏడుపుకి మంచి పేరొచ్చింది మామయ్యా అని నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

చివరికి సిటీ బస్సుల్లో స్టాపులు చెప్పే గొంతు దానిదైంది. ‘దిగవలసిన వాళ్లు ముందుకు రండి’ అనేది అదే. పని లేనినాడు బస్సెక్కి కూర్చుని, ఆ మాట రాగానే జనం లేచి కదలడం చూసేదట. ఈ ఊల్లో నా మాట వినేవాల్లు వీల్లే మామయ్యా అంది.

అదీ పోయింది. ఎవరో పనిలేని ముసలాడు బస్సు ఆఫీసు చుట్టూ తిరిగి, ‘వాళ్లు’ని ‘వాల్లు’ అంటోంది, భాషని చంపుతోంది అని గోలచేశాడట. ఆఫీసువాళ్లు విసిగిపోయి గొంతు మార్చేశారు. ‘ళ రాని పిల్ల’ అని స్టూడియోల్లోనూ పేరుపడింది. ఆ ముసలాడికి చెవులు ఊడిపోనూ అని తిడుతూనే నాకు అన్నం వడ్డించింది. తల ఎత్తలేకపోయాను.

ఇప్పుడు ఇంటికి పోతానంటోంది. నాన్న రానిస్తాడేమో కనుక్కో మామయ్యా అంది. రానివ్వు. తలుపు తియ్యి, పాత మాటలు తవ్వకు. కానీ ఉండిపొమ్మనకు. ఇక్కడ నా ముందుగది దానికిచ్చేశాను. మళ్లీ ప్రయత్నించమని నువ్వు చెప్పు. నా మాట నమ్మడానికి దానికి కారణం లేదు.

అక్కని అడిగానని చెప్పు.

ఇట్లు,
నువ్వు చొక్కా పట్టుకున్న
నీ బామ్మర్ది

తా.క. ఆ ముసలాడు నేనే. ఆ బస్సుల్లోనే రోజూ తిరిగాను. తప్పుని పట్టుకున్నాను గానీ గొంతుని పట్టుకోలేకపోయాను. ఆనాడు హాల్లో విన్న ‘ల’నే మళ్లీ వింటూ కూడా, ఇది మన పిల్ల కదా అని తట్టలేదు. గొంతు మార్చిన రోజున గెలిచానని ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాను. ఇంకా దానికి చెప్పలేదు. నోరు రావడంలేదు. కవరు అంటించే ముందు ఈ కాగితం దాని చేతికిచ్చి, చివరిదాకా గట్టిగా చదవమంటాను. ఎక్కడా దిద్దను.