గేటు ముందు మేకలు

చైత్రం, శుక్రవారం రాత్రి

కరువని పశువులకు అడవి తెరిచాక నందికొట్కూరు వైపు మందలన్నీ నా కాపలాలోని ఈ కొండమీదే పడ్డాయి. గడ్డి ఎప్పుడో అయిపోయింది. మేకలను మాత్రం రానివ్వొద్దని అటవీశాఖ దొర ఆజ్ఞ.

సాయంత్రం కొండకింద పల్లె నుంచి మాదమ్మ తన మేకలను అడవి గేటు దగ్గరికి తోలుకొచ్చింది.

"మేకలు మొదలంటా కొరుకుతాయమ్మా, కొండ మళ్లా చిగురెయ్యదు" అన్నాను.

"ఆవులకుండే ఆకలి మేకలకు లేదా అప్పా?"

నేను గేటు తీయలేదు. ఆమె మేకలను అక్కడే వదిలి వెనుదిరిగింది.

"యాడికి పోతాండావు? వీటిని తోలుకపో!"

"ఇంట్లో సస్తాంటే సూడలేనప్పా. నీకాడే ఉండనీ."

చీకటి పడ్డా అవి అరుస్తూనే ఉన్నాయి. ఉండబట్టలేక, కాస్త ఆకు కోసి వేద్దామని లాంతరు పట్టుకుని అడవిలోకి వెళ్లాను. ఆవులు అందినంత మేరా మేసేశాయి; చేతికందే ఎత్తులో ఒక్క ఆకూ లేదు.